అక్క అమెరికాలో ఉందని ఫారంలో దాచాలా?

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బీఫార్మసీ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) ఉద్యోగం చేస్తున్నాను. అమెరికాలో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ ఎంఎస్‌కి సీటు వచ్చింది, యూనివర్సిటీ పంపే ప్రవేశ పత్రం ఐ-20 కూడా వచ్చింది. జులైలో హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యింది. మూడు ప్రశ్నలడిగి, వీసా ఇవ్వడం లేదని 214(బీ) కాగితం చేతిలో పెట్టారు. ఈ యూనివర్సిటీయే ఎందుకని అడిగితే కన్సల్టెన్సీ వాళ్లు నేర్పిన జవాబు చెప్పాను. ఇప్పుడు చేస్తున్న పనేమిటంటే తడబడ్డాను. ఖర్చు ఎవరు పెడతారంటే నాన్న అన్నాను. నాన్న రైతు. పసుపు, వరి వేస్తారు. నాన్న ఖాతాలో పది రోజులు 35 లక్షలు వేయిస్తామని, రెండు శాతం ఇవ్వాలని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. వ్యాపార ఆదాయం ఉన్నట్టు ఐటీ రిటర్నులు కూడా తయారు చేస్తారట. మా అక్కాబావలు డాలస్ దగ్గర ఉంటారు, బావది హెచ్-1బీ ఉద్యోగ వీసా. ఆ సంగతి ఎక్కడా చెప్పొద్దన్నారు. ఇంకో ఐదు వేలిస్తే ఈ వారంలోనే మళ్లీ ఇంటర్వ్యూకి స్లాట్ అంటున్నారు. వెంటనే వెళ్లమంటారా? అమ్మ చిల్కూరు బాలాజీకి మొక్కుకుంది. మొదటిసారి డీఎస్-160 వీసా దరఖాస్తు ఫారం వాళ్లే నింపారు, నేను చూడలేదు. మీ అమ్మాయి లాంటిదాన్ని, దారి చెప్పండి.
— ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా, నువ్వడిగిన వరుసలో కాకుండా వెనక నుంచి మొదలుపెడతాను. వీసా రాకపోవడం నన్నంతగా కంగారు పెట్టలేదు. ‘ఫారం వాళ్లే నింపారు, నేను చూడలేదు’ అని చివర్లో రాశావే, ఆ మాటే కంగారు పెట్టింది.

డీఎస్-160 అంటే నీ పేరు మీద, ఇందులో ఉన్నదంతా నిజమని ఒప్పుకుంటూ నువ్వు అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే వాంగ్మూలం. టైపు ఎవరు కొట్టినా, చివర్లో సంతకం కింద లెక్కేసే ఆ బటన్ అభ్యర్థే నొక్కాలన్నది నియమం. లోపల తప్పుంటే అడిగేది నిన్నే, కన్సల్టెన్సీని కాదు. ఈ ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంటుంది. చేసినవాళ్ల పేరు రాయాలి. చాలామంది ఏజెంట్లు అక్కడ ‘లేదు’ అని పెట్టేస్తారు. తమ పేరు రికార్డుకెక్కడం వాళ్లకెందుకు ఇష్టముంటుంది చెప్పు?

కాబట్టి స్లాట్ సంగతి, డబ్బు సంగతి కాసేపు పక్కన పెట్టు. ముందు ఆ ఆఫీసుకెళ్లి నింపిన ఫారం పూర్తి కాపీ అడుగు. కన్ఫర్మేషన్ పేజీ మీద ‘ఏఏ’తో మొదలయ్యే అప్లికేషన్ ఐడీ ఉంటుంది, అది రాసుకో. సెక్యూరిటీ ప్రశ్నకు వాళ్లు పెట్టిన జవాబేమిటో కూడా కనుక్కో. అవి చేతిలో ఉంటే నీ అప్లికేషన్‌ను నువ్వే తెరుచుకోవచ్చు. కాపీ ఇవ్వడానికి నసిగారంటే అందులో నువ్వు చూడకూడనిది ఏదో ఉందనే అనుకో.

కాపీ దొరికాక కుటుంబ వివరాల పేజీ తియ్యి. అమ్మానాన్నల పేర్ల తర్వాత, తల్లిదండ్రులు కాక దగ్గరి బంధువులు ఎవరైనా అమెరికాలో ఉన్నారా అని అడుగుతారు. అక్కడ దగ్గరి బంధువులంటే భర్త లేదా భార్య, పెళ్లి కుదిరినవారు, పిల్లలు, తోబుట్టువులు. మేనత్తలు, పిన్నిబాబాయిలు దీని కిందికి రారు, వాళ్లకు వేరే ప్రశ్న ఉంది. మీ అక్క ఉంది కనుక నీ జవాబు ‘అవును’. అక్క పేరు, సంబంధం, అక్కడ ఆమె ఏ హోదాలో ఉందన్నదీ రాయాలి.

ఇక దాచడం గురించి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అమెరికాలో ఒక్క బంధువైనా లేని ఇల్లు వెతుక్కోవాలి. ఆ సంగతి నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో కిటికీ అవతల కూర్చున్నవాళ్లకు మనకంటే బాగా తెలుసు. అక్క ఉన్నంత మాత్రాన ఎవరూ వీసా ఆపరు. పైగా దాచినా దాగదు. మీ అక్క వీసాకి వెళ్లినప్పుడు తన ఫారంలో అమ్మానాన్నల పూర్తి పేర్లు రాసే ఉంటుంది. నీ ఫారంలోనూ అవే పేర్లు. ఆ రెండూ చేరేది ఒకే ప్రభుత్వానికి.

దాచి దొరికితే జరిగేది వేరే సంగతి. నీకు పడిన 214(బీ) తలుపు దగ్గరకు వేయడం లాంటిది, మళ్లీ తట్టొచ్చు. అదే అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 212(ఏ)(6)(సీ) అని ఇంకో సెక్షన్ ఉంది. వీసా నిర్ణయానికి సంబంధించిన విషయంలో తెలిసి అబద్ధం చెప్పారని తేలిస్తే దాని కింద పడే నిషేధం జీవితాంతం ఉంటుంది. రేపు చదువుకే కాదు, అక్క బిడ్డను చూడ్డానికి టూరిస్టు వీసా అడిగినా, ఉద్యోగం మీద వెళ్లాలన్నా అది అడ్డొస్తుంది. ప్రతి పొరపాటూ ఆ సెక్షన్ కిందికి రాదు. కానీ ఏది పొరపాటో, ఏది అబద్ధమో తేల్చేది వాళ్లు. రెండు శాతం కమీషన్ తీసుకునేవాడికి ఈ సెక్షన్ పేరు కూడా తెలియకపోవచ్చు. తెలిసినా నీకు చెప్పడు.

పాత ఫారంలో అక్క పేరు ఉంటే ఏ బెంగా లేదు. లేకపోతే కొత్త ఫారంలో నిజం రాయి. కిటికీ దగ్గర మాట కలిసిన వెంటనే, వాళ్లు అడిగేదాకా ఆగకుండా, ‘పోయినసారి నా ఫారం ఏజెంట్ నింపారు, అందులో మా అక్క వివరాలు తప్పుగా పడ్డాయి, ఈసారి సరిచేశాను’ అని ఒక్క ముక్కలో చెప్పెయ్యి. ఏజెంటును తిట్టొద్దు, కన్నీళ్లూ వద్దు. పాత ఫారంలో ఇంకా పెద్ద తప్పులు బయటపడితే మాత్రం, మళ్లీ దరఖాస్తు చేయకముందే అమెరికాలో లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడు. బోర్డు మీద ‘ఇమిగ్రేషన్ నిపుణులు’ అని రాసుకున్నవాళ్లందరూ లాయర్లు కారు. మీ బావకు ఆఫీసు తరఫున హెచ్-1బీ వేసిన లాయరు ఉంటారు కదా, మంచివాళ్లెవరో వాళ్లనే అడగమను.

పాత ఫారంలో ఇంకో రెండు చోట్లు చూడు. ఐదేళ్లుగా నువ్వు వాడుతున్న సోషల్ మీడియా ఖాతాలన్నీ అందులో ఉన్నాయా? 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు ఆ ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలంటున్నారు. మూసేసిన ఖాతా అయినా ఆ ఐదేళ్లలో వాడి ఉంటే రాయాల్సిందే. రెండోది నీ ఉద్యోగం పేజీ. కన్సల్టెన్సీ వాళ్లు నీ పనిని ‘డేటా అనలిస్ట్’ అని గొప్పగా రాసి ఉంటారని నా అనుమానం. ఇంటర్వ్యూలో నువ్వు తడబడ్డానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

ఇప్పుడు ఆ ఇంటర్వ్యూ దగ్గరికొద్దాం. 214(బీ) అంటే నువ్వు తప్పు చేశావని కాదు. అమెరికా చట్టం ప్రకారం విద్యార్థి వీసా అడిగే ప్రతివాళ్లూ అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో వస్తున్నారనే ముందు అనుకుంటారు. అలా కాదని ఒప్పించే బాధ్యత మనది. ఉన్న రెండు మూడు నిమిషాల్లో ఆ అధికారి చూసేది ఈ పిల్ల నిజంగా చదవడానికే వెళ్తోందా, డబ్బు సంగతి చెప్పినట్టే ఉందా, ఈ చదువు తర్వాత ఏం చేయాలో ఈమెకు ఒక ఆలోచన ఉందా అని. ఇరవై నాలుగేళ్ల పిల్లకు సొంతిల్లూ పొలమూ ఉండవని వాళ్లకూ తెలుసు. ‘ఐ హ్యావ్ స్ట్రాంగ్ టైస్ టు మై కంట్రీ’ అని అప్పజెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ యూనివర్సిటీయే ఎందుకని అడిగితే నువ్వేం చెప్పావో నువ్వు రాయలేదు, నేను ఊహించగలను. ‘వరల్డ్ క్లాస్ ఫ్యాకల్టీ, స్టేట్ ఆఫ్ ది ఆర్ట్ ల్యాబ్స్, డైవర్స్ కల్చర్.’ అంతేనా? ఆ రోజు నీ ముందు నిలబడ్డవాళ్లూ అదే చెప్పి ఉంటారు, నీ వెనకవాళ్లూ అదే. అదే మాట పొద్దున్నుంచి వింటున్న మనిషికి నువ్వు వేరే అమ్మాయివని ఎలా తెలుస్తుంది?

అసలు చెప్పాల్సింది నీ దగ్గరే ఉంది. ఫార్మకోవిజిలెన్స్‌లో నువ్వేం చేస్తావు? ఎక్కడో ఒక డాక్టరు, ఫలానా మందు వేసుకున్న పేషెంటుకు ఒళ్లంతా దద్దుర్లొచ్చాయని రిపోర్టు పంపుతాడు. నువ్వది చదివి, పేషెంటు వయసు, మందు మోతాదు, ఎప్పుడు మొదలైందన్నది డేటాబేస్‌లోకి ఎక్కిస్తావు. డాక్టరు రాసిన మాటకు మెడ్‌డ్రా పదాల పట్టికలో సరిపోయే కోడ్ వెతుకుతావు. జరిగినదంతా వరుసగా కథనంలా రాస్తావు. తీవ్రమైనది, అంతకుముందు ఆ మందుకు రాసిపెట్టి లేనిది అయితే పదిహేను రోజుల్లోపు అమెరికా ఎఫ్‌డీఏకి చేరాలని మీ టీమ్ లీడ్ వెంటపడుతుంది. అవునా? సగం రిపోర్టుల్లో బరువు ఉండదు, వాడుతున్న ఇతర మందుల పేర్లుండవు, ఒకే కేసు రెండు చోట్ల నుంచి రెండుసార్లు వస్తుంది. ఆసుపత్రి రికార్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చే తంటాలే ఇవన్నీ. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అంటే ఈ తంటాల మీద చేసే చదువే కదా! ఇంత సూటిగా కలిసే ఉద్యోగం చేతిలో పెట్టుకుని ల్యాబ్‌ల గురించి చెప్పొచ్చావు.

నేనైతే ఇలా చెబుతాను: ‘మందుల సైడ్ ఎఫెక్ట్స్ రిపోర్టులు రెండేళ్లుగా ప్రాసెస్ చేస్తున్నాను. సగం డేటా చేరదు, డూప్లికేట్లు వస్తాయి. హాస్పిటల్ రికార్డుల సిస్టమ్స్ ఎలా కడతారో నేర్చుకోవాలనుకున్నాను. ఈ కోర్సులో రెండో సెమిస్టర్‌లో ఫలానా సబ్జెక్టు అదే.’ ఆ ఫలానా సబ్జెక్టు ఏదో నువ్వే ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కూర్చుని వెతుక్కోవాలి. చదివి తిరిగొచ్చాక హైదరాబాద్‌లో ఏ స్థాయి ఉద్యోగం చూసుకోవచ్చో అడిగితే, మీ కంపెనీలోనే సేఫ్టీ సిస్టమ్స్ టీమ్ వాళ్ల పని చూసి చెప్పు. వాక్యం బట్టీ పట్టకు, విషయం గుర్తుంటే చాలు. ఇంగ్లిష్ తప్పులకు వీసాలు పోవు.

కోర్సులూ సబ్జెక్టులూ చూస్తుండగా ఆ యూనివర్సిటీ నీకు సరిపడదనిపిస్తే? అనిపించొచ్చు. ఎంచింది కన్సల్టెన్సీ కనుక అడుగుతున్నా. కొన్ని యూనివర్సిటీలు చేర్చిన ఒక్కో విద్యార్థికి ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయి. కమీషన్ ఇచ్చేదల్లా చెడ్డదని కాదు, కానీ నీ జాబితాలోకి అది ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. ఈ విషయంలో మనవాళ్లు తిన్న దెబ్బలు తక్కువేం కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో కాలర్లు కట్టారు. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా విచిత్రం. దాన్ని పెట్టింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే, దొంగలను పట్టడానికి. పాఠాలు లేవు, మాస్టార్లు లేరు. వందమందికి పైగా విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు, ఎక్కువమంది మనవాళ్లే. చేర్పించి కమీషన్ తిన్నందుకు కేసులు పడ్డవాళ్లూ మనవాళ్లే. నీ యూనివర్సిటీలో టీచర్ల పేర్లు, వాళ్ల పనులు, ఇప్పుడు అక్కడ చదువుతున్నవాళ్లు కనిపిస్తున్నారా లేదా చూసుకో. అక్క అక్కడే ఉంది కదా, ఒక ఫోన్ కొట్టమను.

ఇక 35 లక్షలు. వద్దు. నాన్నగారి ఖాతాలో ఏళ్ల తరబడి పసుపు డబ్బు, ధాన్యం డబ్బు వచ్చి పోతూ ఉండి, ఇంటర్వ్యూకి వారం ముందు ఒక్కసారిగా 35 లక్షలు పడి, ఆ తర్వాత మాయమైతే స్టేట్‌మెంట్ చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. కిటికీ దగ్గర కాగితాలు అడగకపోవచ్చు, చాలాసార్లు అడగరు కూడా. కానీ కాన్సులేట్లలో మోసాలు పట్టే విభాగం వేరే ఉంటుంది, బ్యాంకుకు ఫోన్ చేసి అడిగే పని దానిది. ఐటీ రిటర్నుల సంగతి ఇంకా అన్యాయం. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. రిటర్ను లేకపోవడం మీ నాన్న తప్పు కానే కాదు. లేని వ్యాపారం చూపిస్తే ఇక్కడ పన్నుల శాఖకూ అబద్ధం, అక్కడ కాన్సులేట్‌కూ అబద్ధం.

రైతు కూతురినని చెప్పడానికి జంకు ఎందుకు? పట్టాదారు పాసుపుస్తకం, భూమి వివరాలుండే 1-బీ, దుగ్గిరాల యార్డులో పసుపు అమ్మిన తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు), ఆ డబ్బు బ్యాంకులో పడ్డ ఎంట్రీలు చాలు, ఆదాయం ఎంతో అవే చెబుతాయి. అయితే ఆ ఆదాయంతోనే మొత్తం ఖర్చు వెళ్లిపోతుందంటే ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు. విద్యారుణం తీసుకుంటున్నావా? నీ ఉత్తరంలో ఆ మాటే లేదు. బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటర్, దానికి తోడు మీ నాన్న పొదుపు, నీ రెండేళ్ల జీతంలో మిగిలింది, ఇవి కలిపి చెబితే అది నిజమైన లెక్క. ఐ-20 మొదటి పేజీలో ఏడాది ఖర్చెంతో, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అంకెలు ఉంటాయి. అక్కడున్నదీ నువ్వు చెప్పేదీ ఒకటై ఉండాలి. నీ ఐ-20లో కన్సల్టెన్సీ వాళ్లు ఏం చూపించి ఆ అంకె వేయించారో చూడు. కొత్త ఐ-20 తీసుకునేటప్పుడు రుణం కాగితమే యూనివర్సిటీకి పంపి సరిచేయించుకో. మొదటి ఏడాదికి డబ్బు సిద్ధంగా ఉండి, మిగతాది ఎలా వస్తుందో నమ్మకంగా చెప్పగలిగితే సరిపోతుంది.

రుణానికి వెళ్లేముందు ఒక చిక్కు తెలుసుకో. పొలాన్ని తనఖాగా చాలా బ్యాంకులు ఒప్పుకోవు. ఇల్లో, ఇంటి స్థలమో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో అడుగుతాయి. తనఖా లేకుండా ఇచ్చే సంస్థలున్నాయి, వడ్డీ ఎక్కువ. ఎంత అప్పవుతుందో, చదువయ్యాక నెలకెంత కట్టాలో ఒక కాగితం మీద వేసి నాన్నగారి ముందు పెట్టు. పార్ట్‌టైమ్ చేసి ఫీజులు కట్టేయొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పి ఉంటే ఆ మాట లెక్కలోంచి తీసెయ్యి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద క్లాసులు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. బయట పెట్రోలు బంకులోనో రెస్టారెంటులోనో అనుమతి లేకుండా చేస్తే వీసా హోదాయే పోతుంది. చదువయ్యాక ఓపీటీ కింద ఏడాది పని చేసుకోవచ్చు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే ఇంకో రెండేళ్లు. అది పని చేసుకునే అనుమతి మాత్రమే, ఉద్యోగం ఎవరూ చేతిలో పెట్టరు. ఇదంతా చూశాక కూడా వెళ్దామనే అనిపిస్తే నిశ్చింతగా వెళ్లు. ఒక ఏడాది ఆగి, ఉద్యోగం చేసుకుంటూ కొంత డబ్బు కూడబెట్టి వెళ్దామనిపిస్తే అదీ మంచిదే. నేను నీ చోట ఉంటే రెండోదాని వైపే మొగ్గుతాను. నీ ఉద్యోగం ఈ చదువుకు అడ్డం కాదు, బలం.

ఈ వారంలోనే స్లాట్ అన్నది మాత్రం అస్సలు వద్దు. అదే ఫారం, అదే జవాబు, అదే ఖాతా పట్టుకుని పది రోజుల్లో మళ్లీ వెళ్తే అదే కాగితం వస్తుంది. 214(బీ) మీద అప్పీలు లేదు, కానీ ఇన్ని రోజులు ఆగాలన్న నియమం కూడా లేదు. ఏదైనా మారాకే వెళ్లాలి, అంతే. స్లాట్ ఏజెంటుకు నీ లాగిన్, పాస్‌వర్డ్ ఇవ్వకు. 2025 మార్చిలో ఢిల్లీలోని అమెరికా ఎంబసీ, బాట్‌లతో (తమంతట తామే బుక్ చేసే ప్రోగ్రాములతో) బుక్ చేసిన రెండు వేల దాకా అపాయింట్‌మెంట్లు రద్దు చేసి, ఆ ఖాతాలకు స్లాట్లు ఆపేసింది. ఐదు వేలూ పోయి, ఖాతా కూడా ఇరుక్కుంటుంది.

ఇప్పుడు చేయాల్సిన పని యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు నువ్వే మెయిల్ రాయడం. వీసా రాలేదు, జనవరి స్ప్రింగ్ సెమిస్టర్‌కు వాయిదా వేయండి, ఐ-20 తేదీలు మార్చండి అని రెండు లైన్లు. క్లాసులు మొదలయ్యేలోపే రాయి. నువ్వు చేరకపోతే వాళ్లు సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థలో, నీ రికార్డు మూసేస్తారు. కొన్ని కోర్సులకు జనవరిలో ప్రవేశం ఉండదు, అలాగైతే వచ్చే ఆగస్టుకు అడుగు. మెయిల్ నీ సొంత ఐడీ నుంచి పంపు. ఇన్నాళ్లూ యూనివర్సిటీతో మాట్లాడింది నీ పేరు మీద కన్సల్టెన్సీ తెరిచిన ఐడీ అయితే, ఇక నుంచి ఇదే వాడమని చెప్పు. వీసా ఫీజు 185 డాలర్లు మళ్లీ కట్టాల్సిందే. సెవిస్ ఫీజు 350 డాలర్లు మాత్రం తిరస్కరణ తర్వాత 12 నెలల్లోపు అదే రకం వీసాకి వెళ్తే మళ్లీ కట్టక్కర్లేదు, పాత రసీదు భద్రంగా ఉంచుకో. కొత్త ఐ-20 మీద సెవిస్ నంబరు మారితే ఆ ఫీజును కొత్త నంబరుకు మార్పించుకోవాలి. కొత్త డీఎస్-160లో వీసా ఎప్పుడైనా నిరాకరించారా అన్నచోట ‘అవును, 2025 జులై, హైదరాబాద్, 214(బీ)’ అని ఉన్నదున్నట్టు రాయి.

చిల్కూరుకు తప్పకుండా వెళ్లిరండి. పదకొండు ప్రదక్షిణలు చేస్తే అమ్మకూ నీకూ మనసు కుదుటపడుతుంది. అక్కడైనా ప్రదక్షిణలు ఎవరికి వాళ్లే చేయాలి కదా, ఫారం కూడా అంతే.

నాన్నగారికి ఇవాళే చెప్పు. ఎంతైనా కట్టేద్దామనే తొందరలో ఆయన ఈపాటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటారేమోనని నా భయం. రెండు శాతం కమీషన్ గురించీ, ఐటీ రిటర్నుల గురించీ ఆయనకు సగమే తెలిసి ఉంటుంది. కన్సల్టెన్సీకి వెళ్లేటప్పుడు ఆయన్ను వెంటబెట్టుకెళ్లు. నీ డిగ్రీ, మార్కుల మెమోల ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉంటే, ఫారం కాపీ అడగకముందే అవి చేతికి తీసుకో.